మైల నాకెప్పుడు విడుస్తుంది?

భార్య పోయిన మగవాణ్ణి చూడ్డానికి వెళ్ళినవాళ్ళు నెల తిరిగేసరికి ఒక మాటంటారు. "ఆ గడ్డం గీసుకోండి బాబూ, కాస్త మనిషిలా ఉండాలి కదా, పిల్లలు బెంగపెట్టుకుంటారు" అని. మంచి మాట. మా వీధిలో ఒకాయనతో నేనూ అన్నాను. అదే మనుషులు, మొగుడు పోయిన ఆడది ఆర్నెల్ల తరవాత కనుబొమలు చేయించుకుని కనపడితే మాత్రం "ఇప్పుడు ఎవరి కోసమో" అంటారు. మొహం మీద అనరు. మనం వీధి మలుపు తిరిగేదాకా ఆగి అంటారు.

మా ఆయన పోయి రెండేళ్ళు దాటింది. శ్రీకాకుళంలో ఉంటాం, గవర్నమెంటు హైస్కూల్లో బయాలజీ చెప్తాను, అమ్మాయి వైజాగ్‌లో చదువుకుంటోంది, ఇంట్లో నేనూ మా అత్తగారూ. గుండెపోటు. అంతకన్నా ఆ సంగతి ఇక్కడ రాయను, ఎందుకంటే ఇది కొబ్బరినూనె, వాజిలీను, కాటుక, రంగు చీరల గురించిన వ్యాసం. ఇవి మరీ చిల్లర విషయాలు అనిపించేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

పదో రోజు గురించి చెప్పాలి ముందు. మా ఇళ్ళల్లో ఆ రోజు వరకూ ఎవరూ తలకి నూనె పెట్టరు, మగవాళ్ళు గడ్డం గీయరు, మంచి బట్ట కట్టరు. ఆ పది రోజుల పద్ధతి మీద నాకేం కోపం లేదు, పైగా అది లేకపోతే ఏమైపోయేదాన్నో అనిపిస్తుంది. చిక్కుపడిన జుట్టుతో చాప మీద పడుంటే ఎవరూ ఇదేమిటనరు, ఎలా ఉన్నావో ఎవరికీ పట్టదు, మనిషికి అంత సెలవు కావాలి అప్పుడు. పదో రోజు పొద్దున్న పెరట్లో మా బావగారికీ మరుదులకీ క్షవరాలయ్యాయి. అందరూ తలంటుకున్నారు. బట్టలు పెట్టారు, కట్టుకున్నారు, మైల విడిచిందన్నారు. అదే పొద్దున్న, అదే ఇంట్లో, లోపలి గదిలో నాకు మొహానికి పసుపు రాసి, చేతుల నిండా గాజులేసి, తల్లో పూలు తురిమి, ఇంత బొట్టు పెట్టి, అన్నీ పెట్టాక ఒక్కొక్కటీ తీసేశారు. పెరట్లో వాళ్ళకి మొదలైన గంటలోనే గదిలో నాకు ఆగిపోయింది.

మీరు అయ్యో అనాలని చెప్పట్లేదు ఇది. ఇందులో నాకొక వాదన దొరికింది.

చావు ఇంట్లోంచి మనిషిని మళ్ళీ బతుకులోకి లాక్కురావాలంటే ముందు ఒంటి దగ్గర మొదలుపెట్టాలని మన ఆచారానికి చాలా బాగా తెలుసు. క్షవరం, తలంటు, నూనె, కొత్త బట్ట, చుట్టాలు తీసుకెళ్ళి నిద్ర చేయించడం, ఆ ఇంట్లో నాలుగు కూరలతో అన్నం పెట్టడం, ఏముంది ఇందులో? ఇప్పుడు రీల్స్‌లో పిల్లలు సెల్ఫ్ కేర్ అని చూపిస్తున్నది ఇదే కదా, కాకపోతే వాళ్ళు కొవ్వొత్తి వెలిగిస్తారు. దుఃఖం తీరాక తల దువ్వుకోమని ఎవరూ అనలేదు, దుఃఖం ఉండగానే తలంటుకోమన్నారు, ముందు తల తడిస్తే తరవాత మనసు దాని దారిన అది వస్తుందని. ఎంత తెలివైన పద్ధతి. ఆ పద్ధతిని అన్నదమ్ములకీ కొడుకులకీ పదో రోజున ఇచ్చి, అందరికన్నా ఎక్కువ నష్టపోయిన ఒక్క మనిషికి మాత్రం ఇవ్వలేదు. తెలియక వదిలేశారంటే నేను నమ్మను. మందు పెట్టెలోనే ఉంది, ఆవిడకి వద్దన్నారు, అంతే.

సంస్కరణ వచ్చిందిగా అంటారు. వచ్చింది. 1856లో వితంతు వివాహ చట్టం వచ్చింది, 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు, ఆయన పడ్డ పాట్లు తక్కువవి కావు, చిన్నపిల్లల బతుకులు నిలబెట్టిన పని అది. కానీ ఆ దారిలో బొట్టు తిరిగి రావాలంటే మొగుడు తిరిగి రావాలి. నాలాగా యాభైకి దగ్గరపడి, మళ్ళీ పెళ్ళి అన్న ఆలోచనే లేని మనిషికి ఆ చట్టంతో ఏం పని? నాకు కావల్సింది దువ్వెన. దువ్వెనకి చట్టం ఎవరు చేస్తారు? ఆ మాటకొస్తే చేసినవాళ్ళున్నారు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ 2022 మేలో, భర్త పోయిన ఆడవాళ్ళ గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం, మంగళసూత్రం తీయించడం ఇక మా ఊళ్ళో కుదరదని తీర్మానం చేసింది. తరవాత అక్కడి ప్రభుత్వం మిగతా ఊళ్ళని కూడా అదే చేయమంది. పేపర్లో చదివినప్పుడు మా ఆయన పక్కనే ఉన్నాడు, "చూడు, ఒక పంచాయతీ చేయగలిగింది" అన్నాడు.

మా అత్తగారి సంగతికొస్తాను. ఆవిడకి డెబ్భై దాటాయి, ఆవిడా చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకున్నారు. ప్రతి శనివారం నా వెనకాల పడతారు, "బుర్ర ఎండిపోనాది, కూసింత కొబ్బరినూనెట్టుకోవమ్మా, కళ్ళు పోతాయి" అని. నూనెకి అభ్యంతరం లేదు, నూనె ఆరోగ్యం. మడమలకి వాజిలీను రాస్తుంటే "ఏటది?" అన్నారు. మందు అన్నాను. సరే అన్నారు. పెదాలకి రాసేదీ మందే, కలబంద గుజ్జు మందే, ఎండకి రాసుకునే సన్‌స్క్రీన్ కూడా డాక్టరు రాసిన మందే. కాటుక దగ్గర ఆగిపోయింది కథ. "ఎవుల కోసమమ్మా?" అన్నారు. నా కూతురు పసిగుడ్డుగా ఉన్నప్పుడు కళ్ళకి చలవ చేస్తుందని ఇంట్లో చేసిన కాటుక పూటపూటా పెట్టింది ఈవిడే. (పసిపిల్లల కళ్ళకి కాటుక పెట్టొద్దని డాక్టర్లు మొత్తుకుంటారు, అది వేరే గొడవ.) అంటే ఒంటికి మంచిది అంటే గేటు తీస్తారు, అందంగా ఉంటుంది అంటే మూసేస్తారు. ఒకే డబ్బా, ఒకే వేలు, ఒకే మొహం, పేరు మారిస్తే పాపం పోతుంది.

నాకు ఈ గేటే నచ్చట్లేదు. చాలామంది మన వైపు నిలబడి చెప్పే మాట కూడా నాకు అంతగా నచ్చదు: బొట్టూ పూలూ గాజులూ పుట్టింటివి, చిన్నప్పటి నుంచీ ఉన్నవి, భర్తతో వచ్చినవి తాళీ మెట్టెలే కాబట్టి అవి తీస్తే చాలు, అని. బాగానే ఉంది, వాదనకి పనికొస్తుంది, మొండి చుట్టాల దగ్గర నేనూ వాడాను. కానీ అసలు రసీదు ఎందుకు చూపించాలి నేను? ఇది ఎప్పుడు ఎవరింటి నుంచి వచ్చిందో లెక్క చెప్తేగానీ నా నుదుటి మీద నేను చుక్క పెట్టుకోకూడదా? పోనీ మెట్టెలే ఉంచుకోవాలనిపిస్తే? మా తోటి టీచరు ఒకావిడ ఉంచుకుంది, భర్త పోయినా. ఆయన పెట్టినవి ఆయన గుర్తుగా ఉంచుకున్నాను అంటుంది. ఆవిడ ఇష్టం.

ఇక అసలు ఒంటి మాట. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇవి నాకు ముందే ఎవరైనా చెప్పుంటే సగం టెన్షన్ తగ్గేది.

మూడో నెలలో జుట్టు రాలడం మొదలైంది. రాలడమంటే మామూలుగా కాదు, తలస్నానం చేస్తే బాత్రూమ్ జాలీ మూసుకుపోయేది, తలగడ మీద, చీర మీద, చపాతీ పిండిలో. నేనూ పోతున్నానేమో అనుకున్నాను నిజంగా. పిల్లలకి పాఠం చెప్పేదాన్నే, అయినా నా తల విషయంలో ఆ పాఠం గుర్తు రాలేదు. మామూలుగా మన వెంట్రుకల్లో నూటికి 85, 90 వరకూ పెరిగే దశలో ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉండి వాటి టైముకి అవి రాలతాయి, రోజుకి 50 నుంచి 100 రాలడం లెక్కలోకి రాదు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు, అది జ్వరమైనా కాన్పైనా చావైనా, పెరుగుతున్నవి చాలా ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి. అవి రాలేది వెంటనే కాదు, రెండు మూడు నెలలకి. అందుకే చుట్టాలందరూ వెళ్ళిపోయి, ఇల్లు ఖాళీ అయ్యి, ఇప్పుడిప్పుడే అన్నం సహిస్తోందనుకునే టైముకి దువ్వెన నిండా జుట్టు వస్తుంది. కుదుళ్ళు చావవు. ఆరు నెలల్లో చాలామందికి దానంతటదే తగ్గి మళ్ళీ వస్తుంది. రెండు వేల రూపాయల నూనె రాసినా వస్తుంది, రాయకపోయినా వస్తుంది, కాబట్టి ఆ డబ్బుతో రక్త పరీక్ష చేయించుకోండి: హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు, థైరాయిడ్. పూటలు మానేసి టీ మీద బతికిన నెలలుంటాయి కదా, అవి అక్కడ తేలతాయి.

బొట్టు తీసేశాక నుదుటి మీద కందిబద్దంత తెల్లమచ్చ బయటపడింది. ఏళ్ళ తరబడి అదే చోట స్టిక్కర్ అంటించిన ఫలితం. కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం చర్మానికి రంగిచ్చే కణాలని దెబ్బతీస్తుంది. తమాషా ఏమిటంటే, బొట్టు తీసేసినవాళ్ళు ఆ గుర్తుని తీయలేకపోయారు, ఎర్ర బొట్టు బదులు తెల్ల బొట్టుతో స్కూలుకి వెళ్ళాను కొన్నాళ్ళు. స్కిన్ డాక్టరు పూత మందు ఇచ్చి, స్టిక్కర్ జన్మలో పెట్టొద్దన్నారు. నేను పెట్టుకోవాలనుకున్న రోజున పెన్సిల్‌తో దిద్దుకుంటాను ఇప్పుడు, మచ్చకి కాస్త పైన. మీకు బొట్టు కింద దురద గానీ రంగు తేలడం గానీ ఉంటే, మొగుడు ఉన్నా లేకపోయినా, స్టిక్కర్ మార్చండి.

కాళ్ళు. దుఃఖంలో అందరికన్నా ముందు పాడయ్యేవి మడమలు, ఎందుకంటే ఎవరూ చూడరు, మనమూ చూసుకోం. నేను మొదలుపెట్టింది అక్కడే. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు, ప్యూమిస్ రాయితో మెల్లగా రుద్ది, తడి పూర్తిగా ఆరకముందే వాజిలీను, పైన పాత కాటన్ సాక్సు. అద్దం అక్కర్లేదు, అందులో మొహం చూసుకునే పని లేదు, అందుకే అది మొదటి పనిగా నాకు కుదిరింది. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం కాళ్ళు నానబెట్టొద్దు, పగుళ్ళని బ్లేడుతో గీకొద్దు, రోజూ అరికాళ్ళు చూసుకుని, పుండులాంటిది కనపడితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పైన చెప్పిన మా వీధిలో ఆయనకి షుగర్. గడ్డం గీసుకోమని అందరం అన్నాం గానీ కాళ్ళు చూపించమని ఒక్కరం అనలేదు, ఆయన గోళ్ళు తీసే పని కూడా భార్యే చూసేదట. మగవాళ్ళ సంగతి కూడా అంత గొప్పగా ఏమీ లేదు, వాళ్ళని మైల విడిపించేస్తారు, తరవాత పట్టించుకోరు.

జుట్టుకి రంగు మానేశాను. ఎవరూ మానమనలేదు, మా అప్పైతే డబ్బా కొని తెచ్చి మరీ వేసుకోమని పోరింది. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కాబట్టి ఆ మొదటి ఏడాది నా పాపిట దగ్గర తెలుపు ఎంత పొడుగుందో కొలిస్తే ఆయన పోయి ఎన్ని నెలలైందో చెప్పేయొచ్చు. అది నాకు భరించరానిదిగా ఉండి, చివర నల్లది చాలామటుకు భుజాల దాకా కత్తిరించేయించాను. ఇప్పుడు నెరిసిన జుట్టుతోనే ఉన్నాను, బాగానే ఉంది. చేయకపోవడం కూడా మన ఇష్టమే అని చెప్పడానికి రాస్తున్నాను ఇది, లేకపోతే ఈ వ్యాసం కూడా ఇంకో రకం అత్తగారైపోతుంది. వేసుకునేవాళ్ళు మాత్రం చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడండి, నల్ల హెన్నా అని అమ్మే పొట్లాల్లో కూడా చాలా వాటిలో పీపీడీ అనే రంగు రసాయనం ఉంటుంది, పడకపోతే మొహమంతా వాచిపోతుంది.

పార్లర్‌కి వెళ్ళడానికి చాలా కాలం పట్టింది. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక సందులో చిన్నది, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. ఆ అమ్మాయి దారం నోట్లో పట్టుకుని "ఏదైనా ఫంక్షనా మేడమ్?" అంది. మన ఊళ్ళో ఆడవాళ్ళు ఫంక్షన్ లేకుండా పార్లర్‌కి రారు మరి. లేదమ్మా అన్నాను. "ఊరికేనా?" అంది. ఊరికే. ఆ అమ్మాయి నవ్వి పని మొదలుపెట్టింది. థ్రెడింగ్ చేస్తే ఎవరికైనా కళ్ళమ్మట నీళ్ళు కారతాయి, అలవాటున్నవాళ్ళకి కూడా, అది నరాల పని. మొదటి బొమకి మామూలు నీళ్ళే వచ్చాయి. రెండో బొమకి వచ్చినవి వేరే నీళ్ళు, తేడా నాకు తెలుసు, ఆ అమ్మాయికి తెలియదు, పౌడర్ అద్దుతూ "అయిపోయింది మేడమ్, అయిపోయింది" అంటూనే ఉంది. స్కూల్లో ఏడిస్తే హెడ్మాస్టరు సెలవు పెట్టమంటారు, ఇంట్లో ఏడిస్తే అత్తగారు మొదలుపెడతారు, ఇక్కడ యాభై రూపాయలకి ఎవరూ కారణం అడగరు. ఇప్పటికీ వెళ్తుంటాను, ఈ మధ్య ఒక రకం నీళ్ళే వస్తున్నాయి.

ఇదంతా జీతం వచ్చేవాళ్ళ ముచ్చట అనేవాళ్ళుంటారు, ఆ మాట నేనూ ఆలోచించాను. మా జిల్లాలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కిడ్నీ జబ్బుతో కుటుంబం మోసే వయసులోనే మనుషులు పోతున్నారు, కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. వాళ్ళ భార్యల్లో ఎంతోమంది నాకన్నా చాలా చిన్నవాళ్ళు. వితంతు పింఛను 2024 జులై నుంచి నెలకి నాలుగు వేలైంది, దానితో ఇల్లు గడవదు గనక పలాస జీడి పనికి వెళ్తారు. జీడిపిక్క తొక్కలో ఉండే సొన చర్మాన్ని కాలుస్తుంది, చేతులు నల్లబడి పొరలు లేస్తాయి, ఆ చేతులతోనే ఇంటికొచ్చి అన్నం కలపాలి. పనికి ముందు చేతులకి నూనె రాసుకోవడం, పనయ్యాక మళ్ళీ కడిగి రాసుకోవడం అక్కడ సోకు అని ఎవరూ అనరు, అది కూలి. వాళ్ళకి నేను ఫేషియల్ గురించి చెప్పబోవట్లేదు. కానీ ఆ చేతులకి రాసుకున్న నూనె మొహానికి కూడా కాస్త రాసుకుని, ఒక గులాబీ తల్లో పెట్టుకుని పనికొస్తే, గులాబీ దగ్గర మాత్రం ఆ ఊరికీ నోరొస్తుంది. డబ్బున్నా లేకపోయినా గేటు అదే, కాపలావాళ్ళూ అదే రకం.

రెండో వైపు నుంచి కూడా ఒకళ్ళు తగులుకుంటారు, వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. "మీకోసం మీరు బతకండి మేడమ్, గ్లో రావాలి" అని పది సీసాల సీరమ్ వరస చెప్పేవాళ్ళు. ఫోన్‌లో ఒకసారి వితంతువు అన్న మాట వెతికితే చాలు, నెల రోజులు క్రీముల ప్రకటనలే. వీళ్ళకి మనం త్వరగా బాగైపోవాలి, బాగైపోయిన ఫొటో కావాలి. దుఃఖం మెట్లెక్కినట్టు ఒక వరసలో పోదు. నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే ఇద్దరు 1999లో చెప్పిన సిద్ధాంతం నాకు వీటన్నిటికన్నా నిజంగా తోచింది: మనిషి పోయినవాళ్ళ వైపు కాసేపు, బతుకు పనుల వైపు కాసేపు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు, ఆ తిరగడమే కోలుకోవడం అని. పొద్దున్న ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు నడిచి, కొత్త చీర కట్టుకుని స్కూలుకెళ్ళి, సాయంత్రం ఆయన చొక్కా వాసన చూసి ఏడిస్తే, పొద్దున్నది నటనా కాదు, సాయంత్రానిది వెనకడుగూ కాదు. నేను అలాగే ఉన్నాను ఇప్పటికీ.

క్రీములతో ఆగని స్థితి కూడా ఉంటుంది, అది వేరు. నెలలు గడిచినా మంచం దిగలేకపోతే, స్నానం అన్నం కూడా బరువైపోతే, పోతే బాగుండు అని మాటిమాటికీ అనిపిస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బు అక్కర్లేదు, రాత్రైనా తెలుగులో మాట్లాడతారు.

చీరల సంగతి ఒకటి మిగిలింది. నాకు పొందూరు ఖద్దరంటే పెళ్ళికి ముందు నుంచీ ప్రాణం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో వడికిన ఆ నూలు ఒంటి మీద ఉన్నట్టే ఉండదు, మే నెల శ్రీకాకుళం ఉక్కలో దానికి సాటి లేదు. అందులోనూ తెలుపంటే మరీ ఇష్టం. ఆయన పోయాక వచ్చినవాళ్ళంతా లేత రంగులూ తెలుపులూ పట్టుకొచ్చారు, బీరువా నిండిపోయింది, నాకిష్టమైన రంగే, అయినా అది కడితే జనానికి తృప్తిగా ఉంటుందన్న ఒక్క కారణానికి కట్టబుద్ధి కాలేదు. ఆవపిండి రంగుది ఒకటి కొన్నాను, ఎర్ర అంచుతో. స్టాఫ్ రూమ్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తొమ్మిదో క్లాసు పిల్లలు మాత్రం "టీచర్, చీర సూపరుంది" అన్నారు, అని నోట్సు చెప్పించుకున్నారు. తెల్లది మళ్ళీ ఎప్పుడు కడతానో, జనం మర్చిపోయాక కడతాను.

పోయినవాళ్ళింటికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. మొదటి పది రోజుల్లో పళ్ళూ బ్రెడ్డూ తీసుకెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు, అవి కుళ్ళిపోతాయి. మీరు మూడో నెలలో వెళ్ళండి, ఎవరూ రానప్పుడు. గోళ్ళు తీసుకునే కట్టరో, కొబ్బరినూనె సీసానో, మంచి సబ్బో పట్టుకెళ్ళండి. "ఎలా ఉన్నావు" అని అడగొద్దు, దానికి జవాబు లేదు. "ఇలా కూర్చో వదినా, తల దువ్వుతాను" అనండి. చిక్కు చాలా ఉంటుంది, కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి, లాగితే నొప్పి. దువ్వెనకి వచ్చిన జుట్టు ఆవిడ కంటపడకుండా చుట్టి పారేయండి. బొట్టు పెట్టనా అని అడగండి. వద్దంటే పట్టుబట్టకండి, టీ తాగి వచ్చేయండి, పై ఆదివారం మళ్ళీ వెళ్ళండి.